మీకు తెలుసా? ఒకే హెచ్చరిక, మూడు భాషల్లో!
బోస్నియాలో సిగరెట్ పెట్టె మీద ‘పొగతాగడం ప్రాణం తీస్తుంది’ అన్న హెచ్చరిక మూడుసార్లు కనిపిస్తుంది. బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్ మూడూ అక్కడ అధికార భాషలు మరి. మొదటి రెండు వాక్యాలూ లాటిన్ లిపిలో అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మూడోదీ అదే వాక్యం, కాకపోతే సిరిలిక్ లిపిలో ఉంటుంది.

యుగోస్లావియా ఉన్నన్నాళ్లూ వీటిని కలిపి సెర్బో-క్రొయేషియన్ అనేవారు. 1990ల్లో దేశం ముక్కలయ్యాక ఒక్కోదానికి ఒక్కో పేరు స్థిరపడింది. మాంటెనెగ్రో కూడా 2007 రాజ్యాంగంలో మాంటెనెగ్రిన్‌ను అధికార భాష చేసుకుని, 2009లో రెండు కొత్త అక్షరాలు చేర్చుకుంది.

అసలు విశేషం వేరే ఉంది. ఈ నాలుగు ప్రామాణిక భాషలకూ ఆధారం ష్టోకావియన్ అనే ఒకే మాండలికం. క్రొయేషియాలోనే జాగ్రెబ్ చుట్టుపక్కల వినిపించే కైకావియన్, సముద్రతీరపు చాకావియన్ మాండలికాలు ప్రామాణిక క్రొయేషియన్‌కు సెర్బియన్ కంటే దూరం!

ఈ భాషలు మాట్లాడే నాలుగు దేశాల రచయితలు, భాషావేత్తలు 2017లో ‘ఉమ్మడి భాషా ప్రకటన’ వెలువరించారు. భాషను ఎవరికి నచ్చిన పేరుతో వాళ్లు పిలుచుకోవచ్చని అందులో ఒప్పుకున్నారు. నిజమే, అది జనం హక్కు. కానీ బోస్నియాలోని కొన్ని బడుల్లో భాష పేరు చెప్పి ఒకే కప్పు కింద పిల్లలను వేర్వేరు తరగతుల్లో కూర్చోబెట్టడం మాత్రం అన్యాయం.