వంతెన దాటిన ఫ్రేము: ఒక నెట్‌వర్కు ప్రమాణమున జరిగిన సవరణ

లిపినుండి లిపికి గ్రంథమును ఎత్తి వ్రాయుటయందలి చిక్కు మన పాఠపరిష్కర్తలకు క్రొత్తది కాదు. తెలుగులోని క, ఖ, గ, ఘ అను నాలుగు వర్ణములకును తమిళలిపియందు ఒక్కటే అక్షరము కలదు. తెలుగు కీర్తనను ఆ లిపిలో వ్రాసి, ఆ ప్రతినుండి మరల తెలుగులోనికి తెచ్చువానికి మూలమున ఉన్నది కకారమో గకారమో అక్షరమును బట్టి తెలియదు. భాషాజ్ఞానము కలవాడు ఊహచేత దిద్దుకొనును. యంత్రమునకు ఆ ఊహ లేదు. కంప్యూటరు నెట్‌వర్కుల నడుమను ఇట్టి చిక్కే కలిగినది. దానిని తీర్చుటకై ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.1హెచ్ అను పత్రమును 1995లో వెలువరించినది. 1997లో అది అంతర్జాతీయ సాంకేతిక నివేదికగా కూడ వెలువడినది. అందలి పరిష్కారమును వివరించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

ఒక భవనములోనో ఒక ఆవరణలోనో ఉన్న యంత్రములను కలుపునది స్థానిక నెట్‌వర్కు. అందు సమాచారము చిన్న చిన్న మూటలుగా పోవును. ఒక్కొక్క మూటకు ఫ్రేము అని పేరు. ఈథర్‌నెట్ ఫ్రేము మొదట చేరవలసిన యంత్రము చిరునామా 6 బైట్లు, పంపిన యంత్రము చిరునామా 6 బైట్లు ఉండును. పిమ్మట నున్న 2 బైట్లే మన చర్చకు మూలము. డి.ఇ.సి., ఇంటెల్, జిరాక్స్ సంస్థలు 1982లో ప్రకటించిన ఈథర్‌నెట్ రెండవ కూర్పున ఈ 2 బైట్లు లోపలి సరకు ఏ జాతిదో తెలుపును. 2048 అని ఉన్నచో అది ఇంటర్నెట్ ప్రోటోకాలునకు చెందినది. ఐ.ఇ.ఇ.ఇ. 1985లో ప్రచురించిన 802.3 ప్రమాణమున అదే చోట సరకు పొడవు వ్రాయబడెను; జాతిని తెలుపు పని దాని తరువాతి శీర్షికకు సంక్రమించెను. ఒకే తీగపై ఈ రెండు రీతులును నడచినవి. ఆ సంఖ్య 1536 గాని అంతకు మించి గాని ఉన్నచో జాతి యనియు, 1500కు మించనిచో పొడవు అనియు గ్రహించు వాడుక ఏర్పడినది. 1997లో 802.3 ప్రమాణమే రెండింటిని అంగీకరించినది.

టోకెన్ రింగు, ఎఫ్.డి.డి.ఐ. అను నెట్‌వర్కుల ఫ్రేములలో జాతిసంఖ్యకు ఇట్టి చోటే లేదు. అచ్చట దానిని తెలుపుటకు 8 బైట్ల శీర్షికను చేర్చవలెను: 170, 170, 3 అను మూడు బైట్లు, పిమ్మట సంస్థను తెలుపు మూడు బైట్లు, చివర 2 బైట్ల జాతిసంఖ్య. 1988లో వెలువడిన 1042వ ఆర్.ఎఫ్.సి. పత్రము సంస్థాస్థానమున 0, 0, 0 ఉంచవలెనని విధించినది. రెండు నెట్‌వర్కులను కలుపు యంత్రమునకు బ్రిడ్జి, అనగా వంతెన, అని పేరు. ఈథర్‌నెట్‌నుండి ఎఫ్.డి.డి.ఐ.కి పోవు ఫ్రేమునకు వంతెన ఈ శీర్షికను తొడుగును. ఆవలి ఈథర్‌నెట్‌లోనికి దిగునపుడు తీసివేయును.

దోషము ఇచ్చటనే పుట్టినది. కొన్ని యంత్రములు ఈథర్‌నెట్‌పై సైతము 802.3 రీతిని అనుసరించి, ఆ 8 బైట్ల శీర్షికను తామే చేర్చి పంపును. ఎఫ్.డి.డి.ఐ. మీద ఇట్టి ఫ్రేమునకును, వంతెన శీర్షిక తొడిగిన ఫ్రేమునకును భేదము కనబడదు. నాలుగు వర్ణములు ఒక అక్షరమైనట్లు రెండు రూపములు ఒకటైనవి. ఆవలి వంతెన శీర్షికను తీసివేసినచో మొదటిదాని రూపము చెడును; ఉంచినచో రెండవదానిది చెడును.

ఆపిల్ సంస్థవారి ఆపిల్‌టాక్ దీనికి చక్కని ఉదాహరణము. అందు చిరునామాలను కనుగొను ప్రశ్నోత్తర విధానమునకు జాతిసంఖ్య 33011. మొదటి దశలో ఇది ఈథర్‌నెట్ రెండవ కూర్పు రీతిని, 1989 నాటి రెండవ దశలో 802.3 రీతిని నడచెను. రెండవ దశ ప్రశ్న వంతెనలు దాటి మొదటి దశ వేషమున చేరినచో, వినవలసిన యంత్రము దానిని వినదు. చిరునామా తెలియదు గనుక అసలు సమాచారము బయలుదేరనే బయలుదేరదు.

802.1హెచ్ చేసిన సవరణ స్వల్పము. ఇట్టి సందిగ్ధ జాతులకు ఒక పట్టికను ఏర్పరచి, వానికి మాత్రము సంస్థాస్థానమున 0, 0, 248 అను క్రొత్త గుర్తును విధించినది. పట్టికలోని జాతి ఈథర్‌నెట్ రెండవ కూర్పు రీతిని వచ్చినచో వంతెన ఈ గుర్తును వేయును. తక్కిన జాతులకు పాత 0, 0, 0 గుర్తునే వేయును. ఆవలి వంతెన 248 గుర్తును చూచినచో శీర్షికను తప్పక తీసివేయును. 0, 0, 0 గుర్తు ఉండి జాతి పట్టికలోనిదైనచో శీర్షికను ముట్టదు. పట్టికలోనిది కానిచో తీసివేయును. తమిళలిపిలో అచ్చైన త్యాగరాజకీర్తనలలో అక్షరమునకు 2, 3, 4 అంకెలు చేర్చి వర్ణభేదమును నిలుపు పద్ధతి ఇట్టిదే.

అన్ని జాతులకును క్రొత్త గుర్తే వేయరాదా యని శంక. వేసినచో ఎఫ్.డి.డి.ఐ.కి నేరుగా తగిలించబడి, 1988 నాటి విధిని మాత్రమే ఎరిగిన యంత్రములకు ఇంటర్నెట్ ఫ్రేములు సైతము బోధపడవు. కావున సామాన్యవిధిని కదల్పక అపవాదమును మాత్రము చేర్చిరి. పట్టికలో చేరని జాతులకు రూపభేదము నేటికిని నశించుచునే ఉండును. సవరణకర్తలు ఆ నష్టమును అంగీకరించి వాడుకను కాపాడిరి.

టోకెన్ రింగు, ఎఫ్.డి.డి.ఐ. ఇప్పుడు వాడుకనుండి తొలగినవి. ఆపిల్ సంస్థ 2009 నాటి మ్యాక్ ఓ.ఎస్. 10.6 కూర్పునుండి ఆపిల్‌టాక్‌ను తీసివేసినది. అయినను విధి నిలిచినది. వై-ఫై ఫ్రేము కూడ సాధారణముగా ఆ 8 బైట్ల శీర్షికతోనే నడచును గనుక, లినక్స్‌లోని వై-ఫై భాగము 33011 సంఖ్యను, నోవెల్ సంస్థవారి ఐ.పి.ఎక్స్.కు చెందిన 33079 సంఖ్యను వేరుగా పరీక్షించి 248 గుర్తును వేయును. లక్ష్యము మరుగుపడినను లక్షణము మిగులుట వ్యాకరణమునకే పరిమితము కాదు.

పరిభాషానిర్మాణము చేయు విద్యార్థులు ఒక్క విషయము గమనింపవలెను. ఈ పట్టికకు ఆంగ్లమున నున్న పేరును మాటకు మాటగా తెనిగించినచో ‘అనువాద పట్టిక’ యగును. కాని ఇచ్చట అర్థము మారుట లేదు, పైతొడుగు మాత్రమే మారుచున్నది. కనుక ఇది అనువాదము కాదు, లిప్యంతరీకరణము వంటిది. ‘అపవాద పట్టిక’ యన్నచో దాని పని పేరునుండియే తెలియును. విషయమును ఎరిగి పేరు పెట్టుటకును, పేరును చూచి పేరు పెట్టుటకును గల భేదము ఇదియే.