సర్వరు అనుసంధానం – లైసెన్సు విధానాలు: భాషాశాఖల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కళాశాలలలోని తెలుగుశాఖలు తాళపత్రాల ప్రతిబింబాలను, పాతపత్రికల సంచికలను, పరిశోధనగ్రంథాలను ఒకే సర్వరులో భద్రపరచి, పలు కంప్యూటర్ల నుండి చదువుకొనే ఏర్పాట్లు చేసుకొంటున్నాయి. సర్వరును కొనడంతో ఈ ఏర్పాటు పూర్తి కాదు. దానికి అనుసంధానమయ్యే ప్రతి వ్యక్తికీ లేదా ప్రతి పరికరానికీ వేరుగా వినియోగానుమతి అవసరమయ్యే సందర్భాలున్నాయి. విండోస్ సర్వర్ లైసెన్సు విధానాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఈ అనుమతుల స్వరూపాన్ని, లెక్కించే పద్ధతిని, భారతీయ చట్టంలో వాటి స్థానాన్ని, ప్రత్యామ్నాయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: సర్వరు, క్లయింటు, లైసెన్సు, కాపీరైటు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డిజిటల్ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం:
భారతీయ కాపీరైటు చట్టం, 1957 ‘సాహిత్యకృతి’ని నిర్వచించిన చోటనే కంప్యూటర్ ప్రోగ్రామును కూడా చేర్చింది. 1984లో జరిగిన సవరణతో ఈ చేర్పు వచ్చింది. చట్టం దృష్టిలో ఒక ఖండకావ్యమూ, ఒక సర్వరు సాఫ్ట్‌వేరూ రెండూ సాహిత్యకృతులే. అయితే పుస్తకం కొన్నవారు దానిని ఎందరికి చదవడానికిచ్చినా ప్రచురణకర్త అభ్యంతరం చెప్పడు. సాఫ్ట్‌వేర్ విషయంలో అలా కాదు. ఎవరు, ఎన్ని యంత్రాల నుండి, ఏ పద్ధతిలో వాడుకోవాలో లైసెన్సు ఒప్పందమే నిర్ణయిస్తుంది.

ఈ భేదం తెలియకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ఈ వ్యాసకర్త స్వయంగా చూడడం జరిగింది. గతంలో పనిచేసిన ఒక కళాశాలలో ప్రతిబింబాలను భద్రపరచడానికి సర్వరు కొన్నారు. బిల్లులో సర్వరు సాఫ్ట్‌వేర్ ఉంది. అనుసంధానపు అనుమతులు లేవు. ఆ లోపం తనిఖీలో బయటపడేసరికి ప్రయోగశాల కంప్యూటర్లను సర్వరు నుండి విడదీయవలసివచ్చింది. విద్యార్థులు దస్త్రాలను పెన్‌డ్రైవులలో పట్టుకెళ్లి ఎవరి ప్రతిని వారు దిద్దుకొన్నారు. కొన్ని నెలలకు ఒకే గ్రంథానికి అనేక పాఠాలు తయారయ్యాయి. పాఠభేదాలను పరిష్కరించడానికి చేపట్టిన పని కొత్త పాఠభేదాలను పుట్టించింది. కొనుగోలు సంఘంలో ఈ వ్యాసకర్త కూడా సభ్యుడే. బిల్లులో ఏమి లేదో గమనించగల అవగాహన ఆనాడు ఉండి ఉంటే ఆ శ్రమ తప్పేది.

2. రెండు అంచెల అనుమతి:
విండోస్ సర్వర్ స్టాండర్డ్, డేటాసెంటర్ రకాలకు రెండు అంచెల అనుమతి అవసరం. మొదటిది సర్వరు యంత్రానికి సంబంధించినది. 2016 విడుదల నుండి దీనిని ప్రాసెసరులోని కోర్ల సంఖ్యను బట్టి లెక్కిస్తున్నారు. భౌతికయంత్రాన్ని లెక్కించే పద్ధతిలో ఒక్కొక్క ప్రాసెసరుకు కనీసం 8 కోర్లకు, ఒక్కొక్క సర్వరుకు కనీసం 16 కోర్లకు లైసెన్సు తీసుకోవాలి.

రెండవది ఆ సర్వరు సేవలను పొందేవారికి సంబంధించినది. దీనిని ‘క్లయింట్ యాక్సెస్ లైసెన్స్’ అని, క్లుప్తంగా ‘క్యాల్’ అని వ్యవహరిస్తారు. క్యాల్ ఒక సాఫ్ట్‌వేర్ కాదు. క్లయింటు కంప్యూటరులో స్థాపించవలసినదేమీ ఉండదు. అది కేవలం ఒక హక్కు. సాధారణ క్యాల్ లేకపోయినా సర్వరు పనిచేస్తూనే ఉంటుంది, దస్త్రాలు తెరుచుకొంటూనే ఉంటాయి. అందువల్లనే ఈ లోపం చాలాకాలం కంటికి కనిపించదు. యంత్రం అడ్డుచెప్పనంత మాత్రాన అనుమతి ఉన్నట్లు కాదన్నది ఇక్కడ గ్రహించవలసిన మొదటి విషయం.

3. వ్యక్తికా? పరికరానికా?
క్యాల్ ప్రధానంగా రెండు విధాలు. యూజర్ క్యాల్ ఒక వ్యక్తికి చెందుతుంది; ఆ వ్యక్తి ఎన్ని పరికరాల నుండైనా సర్వరును వాడుకోవచ్చు. డివైస్ క్యాల్ ఒక పరికరానికి చెందుతుంది. ఆ పరికరం ముందు ఎందరు కూర్చున్నా అదొక్కటే చాలు. గ్రంథాలయ పరిభాషలో చెప్పాలంటే మొదటిది చదువరి పేరనున్న సభ్యత్వం, రెండవది పఠనమందిరంలోని కుర్చీకిచ్చిన సభ్యత్వం.

ఏది ఎంచుకోవాలన్నది వాడుకతీరును బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఒక భాషాప్రయోగశాలలో 30 కంప్యూటర్లున్నాయనీ, మూడు పూటలుగా 90 మంది విద్యార్థులు వాటినే వాడుతున్నారనీ అనుకొందాం. యూజర్ క్యాల్‌లు తీసుకొంటే 90 కావాలి. డివైస్ క్యాల్‌లు తీసుకొంటే 30 సరిపోతాయి. దీనికి భిన్నంగా ఒక కార్యాలయంలో 8 మంది ఉద్యోగులు, ఒక్కొక్కరికి బల్లపై కంప్యూటరు, ల్యాప్‌టాప్, చరవాణి ఉన్నాయనుకొందాం. అన్నింటి నుండీ సర్వరును వాడుతుంటే డివైస్ క్యాల్‌లు 24 కావాలి. యూజర్ క్యాల్‌లు 8 చాలు.

రెండింటినీ కలిపి కూడా తీసుకోవచ్చు. పై ప్రయోగశాలను ఆరుగురు అధ్యాపకులు కూడా వాడుతూ, ఇంటి నుండి తమ సొంత ల్యాప్‌టాప్‌ల ద్వారా సర్వరులో ప్రవేశిస్తున్నట్లయితే 30 డివైస్ క్యాల్‌లకు 6 యూజర్ క్యాల్‌లు చేర్చితే సరిపోతుంది. విద్యాసంస్థలకు ప్రత్యేక ఒప్పందాలు, తగ్గింపు ధరలు ఉంటాయి కనుక తుదిలెక్క సంస్థ చేసుకొన్న ఒప్పందాన్ని అనుసరించే ఉండాలి.

4. తరచుగా ఎదురయ్యే అపోహలు:

4.1 ‘ఒకేసారి పదిమందే వాడతారు కదా’ అన్నది మొదటి అపోహ. విండోస్ ఎన్‌టీ కాలంలో ఏకకాల అనుసంధానాల సంఖ్యను బట్టి లెక్కించే ‘పర్ సర్వర్’ పద్ధతి ఉండేది. యూజర్, డివైస్ క్యాల్‌లకు ఆ లెక్క వర్తించదు. వాడుకొనే వ్యక్తులందరూ లేదా పరికరాలన్నీ లెక్కలోకి వస్తాయి.

4.2 మధ్యలో ఒక అనువర్తనాన్ని పెట్టి, అది ఒకే పేరుతో సర్వరును సంప్రదిస్తుంది కనుక ఒక్క క్యాల్ చాలునన్నది రెండవ అపోహ. దీనిని లైసెన్సు పరిభాషలో ‘మల్టీప్లెక్సింగ్’ అంటారు. మధ్యవర్తి వెనుకనున్న వాడుకరుల సంఖ్య దీనివల్ల తగ్గదని నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి.

4.3 పాత క్యాల్‌లు కొత్త సర్వరుకు పనికివస్తాయన్నది మూడవ అపోహ. క్యాల్ సర్వరు విడుదలకు సమానమైనదో, తరువాతిదో అయి ఉండాలి. 2022 క్యాల్‌తో 2019 సర్వరును వాడుకోవచ్చు. 2019 క్యాల్‌తో 2022 సర్వరును వాడుకోకూడదు.

4.4 సర్వరు తెరనే దూరం నుండి తెచ్చుకొని పనిచేసే రిమోట్ డెస్క్‌టాప్ సేవలకు సాధారణ క్యాల్ చాలునన్నది నాలుగవది. దానికి తోడుగా ఆర్‌డీఎస్ క్యాల్ కూడా ఉండాలి. ఇక్కడ మాత్రం వ్యవస్థే లెక్క చూస్తుంది. 120 రోజుల గడువు తరువాత అనుసంధానాన్ని నిరాకరిస్తుంది.

మినహాయింపులూ ఉన్నాయి. వాడుకరి గుర్తింపు అడగకుండా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన వెబ్ పుటలను చదివేవారికి క్యాల్ అక్కరలేదు. సర్వరు నిర్వహణకు మాత్రమే ప్రవేశించే ఇద్దరికి కూడా అవసరం లేదు.

5. చట్టం – న్యాయస్థానాల దృష్టి:
సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మనకు దక్కేదేమిటి అన్న ప్రశ్న తెలుగునేల నుండే సుప్రీంకోర్టుకు చేరింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన వ్యాజ్యంలో, బజారులో సిద్ధంగా అమ్మే సాఫ్ట్‌వేర్ ప్రతి ‘సరుకు’ కిందికి వస్తుందని, దానిపై రాష్ట్ర అమ్మకపు పన్ను చెల్లుతుందని 2004లో తీర్పు వెలువడింది. ప్రతి సరుకైనప్పటికీ రచనపై కాపీరైటు కర్తృసంస్థ వద్దనే ఉంటుంది. ఇంజనీరింగ్ ఎనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో 2021లో వచ్చిన తీర్పు, తుదివాడుకరి ఒప్పందం ద్వారా లభించేది పరిమితమైన వినియోగహక్కే గాని కాపీరైటు బదిలీ కాదని వివరించింది.

చట్టంలోని సెక్షన్ 63బి, అక్రమప్రతి అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలుశిక్షను, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. లాభార్జనకో వ్యాపారానికో వాడనిచోట జైలుశిక్ష విధించకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. చట్టబద్ధంగా సాఫ్ట్‌వేర్‌ను పొందినవారు భద్రత కోసం అదనపు ప్రతి తీసుకోవడాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. క్యాల్‌ల కొరత అక్రమప్రతి వాడకంతో పూర్తిగా సమానం కాదు. అది ప్రధానంగా ఒప్పంద నిబంధనల అతిక్రమణ. అయినా సంస్థ బాధ్యత నుండి తప్పించుకోలేదు.

6. ప్రత్యామ్నాయాలు:
లినక్స్ కెర్నెల్ జీపీఎల్ రెండవ సంచిక కింద లభిస్తుంది. ఈ లైసెన్సు వాడుకరుల సంఖ్యను లెక్కించదు. లినక్స్ యంత్రంపై సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను నడిపితే విండోస్ కంప్యూటర్లు కూడా దస్త్రాలను పంచుకోగలుగుతాయి. అక్కడ విండోస్ సర్వరు లేదు కనుక దాని క్యాల్ ప్రసక్తీ లేదు. న్యూజిలాండ్‌లో పుట్టి నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్న కోహా గ్రంథాలయ వ్యవస్థ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ వ్యవస్థను రూపొందించింది. భారతప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటించింది.

అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు లేదనుకోవడం పొరపాటు. మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచితే మూలసంకేతాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలని జీపీఎల్ కోరుతుంది. మార్చిన ప్రోగ్రామును సర్వరులో ఉంచి నెట్‌వర్క్ ద్వారా సేవలందించినా వాడుకరులకు మూలసంకేతం అందుబాటులో ఉంచాలని ఏజీపీఎల్ కోరుతుంది. లైసెన్సుకు చెల్లించనక్కరలేని సొమ్ములో కొంత నిర్వహణ తెలిసిన సిబ్బందికి కేటాయించక తప్పదు. నిర్వహించేవారు లేని సర్వరు, అనుమతి లేని సర్వరు రెండూ చివరకు మూతపడేవే.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• సర్వరు లైసెన్సు, అనుసంధానపు లైసెన్సు వేర్వేరు. కొనుగోలు ప్రతిపాదనలో రెండింటికీ వేర్వేరు పద్దులు ఉండాలి.
• పరికరాలు తక్కువ, వాడుకరులు ఎక్కువైన ప్రయోగశాలకు డివైస్ క్యాల్; ఒక్కొక్కరికి అనేక పరికరాలున్న కార్యాలయానికి యూజర్ క్యాల్ అనుకూలం.
• వాడుకరుల, పరికరాల పట్టికను శాఖ స్వయంగా తయారుచేసి, ఏటా సవరించుకోవాలి.
• అందరికీ అందవలసిన సామగ్రిని బహిరంగ వెబ్ పుటలుగానో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ద్వారానో అందించే అవకాశాన్ని ముందుగానే పరిశీలించాలి.

లైసెన్సు వ్యవహారం సాంకేతిక సిబ్బందిదని భాషాధ్యాపకులు తప్పుకోవడం తగదు. ఆ సర్వరును ఎవరు చదువుతారో, ఎక్కడి నుండి చదువుతారో తెలిసినది శాఖకే. ఆ లెక్క సరిగా ఉన్నప్పుడే ఒక తాళపత్రం ప్రతిబింబం ఒకచోట, ఒకే పాఠంగా, అడిగినవారందరికీ అందుతుంది.