కెమెరా కంటికి చిక్కిన నెలవంక

పున్నమి నాడు 300 మి.మీ. లెన్సుతో మేము తీసిన తొలి చిత్రంలో దక్కింది తెల్లని బిళ్ల మాత్రమే. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా తనంతట తానే వెలుతురు పెంచుకున్నది. చంద్రుడంటే ఎండలో ఉన్న రాతినేల అని గ్రహించి మాన్యువల్ పద్ధతికి మారాము: ఐఎస్ఓ 100, ఎఫ్ 11, సెకనులో 125వ వంతు. మచ్చలన్నీ తేటపడ్డాయి.

నెలవంకకు ఈ కొలత చాలదు. షట్టరును మరింతసేపు తెరవాలి. స్టాండు, టైమరు తప్పనిసరి. ఆ లెన్సుతో సెన్సారుపై పడే చంద్రబింబం మూడు మిల్లీమీటర్లైనా ఉండదు మరి! సూర్యుడు పూర్తిగా అస్తమించేవరకు లెన్సును పడమటికి తిప్పరాదు, కంటికే ప్రమాదం.

2013 జూలై 8న, రమజాన్ ముంగిట, ఫ్రాన్స్‌లో థియరీ లెగో టెలిస్కోపుతో, పరారుణ కాంతిలో, పట్టపగలు, సరిగ్గా అమావాస్య క్షణంలోనే చంద్రరేఖను చిత్రించారు. ఆ క్షణాన దానిని ఏ మానవ నేత్రమూ చూడజాలదు. ఇది తెలిసిన నాటి నుండి, తెరపై సన్నని గీత కనిపించినంతనే పొరుగువారికి కబురంపడం మానుకున్నాము. చిత్రం చూపిన దిక్కుకు కళ్లు నిలిపి వెదకుతాము.

గత షాబాన్ ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం మేమింకా ఫోకస్ సరిచేసుకుంటూనే ఉన్నాము. డాబా పిట్టగోడ దగ్గర మా నానీమా కళ్లజోడు సర్దుకుని వేలు చూపించారు.