సైకిలునకు వెడల్పు టైరు

సైకిలు మన యిండ్లకు క్రొత్త వస్తువు కాదు. పాలు తెచ్చుటకు, బడికి పోవుటకు, సంతనుండి మూట మోయుటకు అది చిరకాలముగా తోడ్పడుచున్నది. అయితే నేడు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో కొందఱు యువతీయువకులు కోరి కొనుచున్న సైకిలు వేఱు రకమైనది. క్రిందికి వంగిన హ్యాండిలు, తేలికైన ఫ్రేము, చక్రము నడుమనున్న పలుచని లోహపు పళ్ళెమును పట్టి యాపు డిస్కు బ్రేకు దాని గుర్తులు. దీనిని రోడ్డు బైకు అందురు. దాని వెల వేలలో నుండును గాన ఇంటి లెక్క చూచు గృహిణి సమ్మతి లేనిదే అది గుమ్మము త్రొక్కదు. కొన్న కొలది దినములకే దానికి వెడల్పు టైరు వేయించవలెనను రెండవ కోరిక బయలుదేఱును. ఆ కోరిక న్యాయమైనదా, ఎంతవఱకు ఒప్పుకొనవచ్చును, ఎక్కడ వలదనవలెను అను సంగతులు సోదరీమణులకు తెలిసియుండుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కోరిక న్యాయమైనదే. ఇట్టి బండ్లలో పెక్కింటికి 25 లేక 28 మిల్లీమీటర్ల వెడల్పు గల సన్నని టైర్లు వచ్చును. నున్నని రహదారికి అవి చాలును. కాని 44వ జాతీయ రహదారి దిగి పల్లెదారి పట్టినంతనే గులకఱాళ్ళు, గుంతలు, పల్లేరుకాయలు, తుమ్మముండ్లు ఎదురగును. ఆదిలాబాదు ప్రత్తిచేల నడుమ నున్నది నల్లరేగడి; వాన పడినచో అది బంకవలె చక్రమును పట్టుకొనును. కర్ణపర్వమున భూమి రథచక్రమును మ్రింగిన కథ మనమందఱము ఎఱిగినదే. అందలి శాపము సంగతి యటుంచినను, మెత్తని నేలలో సన్నని చక్రము ముందుగా దిగబడుననుట రైతుబిడ్డలకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

వెడల్పు టైరు నేటి వేడుక యనుకొనరాదు. మన తాతలు త్రొక్కిన నల్లసైకిలునకు ఉండినది 28 అంగుళముల చక్రము, అంగుళమున్నర టైరు. అనగా 40 మిల్లీమీటర్లకు దగ్గఱ. గాలి టైరు వాడుకలోనికి వచ్చినదియు ఒక తండ్రి ముచ్చటవలననే. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయ్డ్ డన్లప్ అను పశువైద్యుడు తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి కుదుపకుండుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. తఱువాతి కాలమున పందెగాండ్రు సన్నని టైరే వడిగలదని నమ్మి 23 మిల్లీమీటర్లకును దిగిరి. కాని గరుకు దారిపై బిగువుగా గాలి నింపిన సన్నని టైరు ఎగిరెగిరి పడును. త్రొక్కువాని శక్తి కొంత ఆ కుదుపునందే వ్యర్థమగును. ఇది తెలిసికొని నేడు పందెపు బండ్లకును 28, 30 మిల్లీమీటర్ల టైర్లు వాడుచున్నారు.

ఈ మార్పునకు డిస్కు బ్రేకు గొప్ప సాయము చేసినది. వెనుకటి రోడ్డు బైకులందు బ్రేకు పట్టుకారువలె టైరునకు పైగా వంగి, రిమ్మును రెండు ప్రక్కల నొక్కెడిది. ఆ పట్టుకారు నోరు ఎంత తెఱచునో అంత టైరు మాత్రమే దానిలో పట్టెడిది. డిస్కు బ్రేకు చక్రపు నడిబొడ్డునకు దిగిపోయినది గాన టైరుపైనున్న ఆ యడ్డు తొలగెను. అంతర్జాతీయ సైకిలు సంఘము 2018లో రోడ్డు పందెములకు డిస్కు బ్రేకును పూర్తిగా అంగీకరించెను.

అయినను బ్రేకు అడ్డు తొలగినంత మాత్రమున ఫ్రేము అడ్డు తొలగదు. ఇదియే ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట. టైరు ఒరసికొనుటకు వీలైన తావులు మూడు: ముందు ఫోర్కు పైభాగము క్రింద, వెనుక చక్రమునకు ఇరుప్రక్కల పెడలునుండి పోవు రెండు కడ్డీల నడుమ, సీటు గొట్టము వెనుక. చక్రము త్రిప్పి యీ మూడు చోట్ల ఎంత ఖాళీ యున్నదో చూడవలెను. దీనికి గొప్ప పనిముట్టు అక్కఱలేదు. సైకిలు మరలు బిగించు అలెన్ కీలు ఇంటనుండును. వానిపై 4, 5, 6 అని మిల్లీమీటర్ల అంకెలు ఉండును. క్రొత్త టైరు వేసి గాలి నింపిన పిమ్మట 4 సంఖ్య కీ ఎల్ల ప్రక్కల తగులకుండ దూఱవలెను. బురద దారిలో తిరుగు బండికి 6 సంఖ్య కీ దూఱుట క్షేమము. ఖాళీ చాలనిచో రేగడి బంక అందు నిండి చక్రమును ఆపును. లేదా ఒక గులకఱాయి ఫోర్కునకు, టైరునకు నడుమ ఇఱుకుకొని ముందు చక్రము బిగిసి మనిషిని తలక్రిందుగా విసరివైచును. ఫ్రేము కార్బనుదైనచో ఇసుక అంటిన టైరు దానిని ఆకురాయివలె అఱుగదీయును.

టైరుపై అచ్చువేసిన అంకెను నమ్మియుండుటయు చాలదు. రిమ్ము లోపలి వెడల్పు హెచ్చినకొలది టైరు కూడ పఱచుకొనును. 28 అని వ్రాసిన టైరు వెడల్పు రిమ్ముపై 30 ఉండవచ్చును. టైరు వెడల్పుతోపాటు చక్రపు ఎత్తును పెరుగును. ఈ బండ్ల రిమ్ముపై టైరు అంచు కూర్చుండు తావు అడ్డకొలత 622 మిల్లీమీటర్లు; 25 టైరు వేసినచో మొత్తము 672, 32 వేసినచో 686 అగును. అనగా ఫోర్కు క్రింద 7 మిల్లీమీటర్ల చోటు తగ్గును.

మా మేనల్లుడొకడు నిర్మలులో నుండును. అతని బండి తయారుచేసినవారు 32 వఱకు తగునని వ్రాసియుండగా 35 వేయింతునని పట్టుపట్టెను. "పడుతది అత్తా, నేను పెట్టి చూసిన" అనెను. పట్టిన మాట నిజమే. కాని వెనుక కడ్డీల నడుమ ఒక్కొక్క ప్రక్క 2 మిల్లీమీటర్లే మిగిలెను. మహబూబు ఘాటు దిగునప్పుడు ఒక స్పోకు తెగి చక్రము ఆ 2 మిల్లీమీటర్లు ప్రక్కకు వంగినచో ఏమగునని మేమడిగితిమి. అతడు కొంతసేపు చక్రము త్రిప్పి చూచి, మఱునాడు 32 టైర్లు వేయించుకొనెను. ఇప్పుడు ఊరి దారులను సుఖముగనే తిరుగుచున్నాడు.

టైరు మార్చునప్పుడు మఱికొన్ని జాగ్రత్తలు కలవు. ట్యూబుపై వ్రాసిన కొలతలో క్రొత్త వెడల్పు ఇమిడియుండవలెను. గాలి తగ్గించవలెను, 25 టైరులో సుమారు 80 పౌండ్లు నింపువారికి 32లో 55 చాలును. పాత బిగువే ఉంచినచో వెడల్పునకు పెట్టిన ధనము వృథా. కొన్ని క్రొత్త రిమ్ములకు లోపలి అంచున కొక్కెము ఉండదు. అట్టివానికి 5 బారులు, అనగా సుమారు 72 పౌండ్లు మించరాదు, టైరును వానికి తగినదై యుండవలెను. చక్రము ఊడదీసినపుడు బ్రేకు పిడి నొక్కరాదు. నూనె బ్రేకులైనచో లోపలి బిళ్ళలు దగ్గఱకు వచ్చి పళ్ళెము మరల దూఱదు. తలకు కొబ్బరినూనె వ్రాసికొన్న చేతితో ఆ పళ్ళెమును ముట్టనేరాదు. జిడ్డు అంటిన బ్రేకు అఱచునే కాని ఆపదు.

ఫ్రేములో చోటు లేనిచో మఱియొక మార్గము కలదు. 584 మిల్లీమీటర్ల చిన్న రిమ్మునకు 47 టైరు వేసిన చక్రము ఎత్తు 678 అగును. పెద్ద రిమ్మునకు 28 వేసినను అంతే. డిస్కు బ్రేకు నడిబొడ్డున నుండుటచేత రిమ్ము చిన్నదైనను ఆపుటకు లోటు లేదు. కాని కడ్డీల నడుమ వెడల్పు ఉండవలెను, తయారుచేసినవారు ఒప్పుకొనవలెను, రెండు చక్రములు క్రొత్తవి కొనవలెను. అంత వ్యయము చేయలేనివారు 28తోనే తృప్తిపడి, గాలి సరిగా ఉంచుకొనుట మేలు.

కావున డబ్బుపెట్టె తెఱచుటకు ముందు సోదరీమణులు మూడు ప్రశ్నలు అడుగవలెను. బండి చేసినవారు ఎంతవఱకు తగుననిరి? గాలి నింపిన టైరు చుట్టు కీ దూఱుచున్నదా? ఈ బండి ఏ దారిని పోవును? మూడింటికి తగిన సమాధానము వచ్చినచో సందేహింపక టైరు కొనియిండు. ఒక్కటి తప్పినను, బిడ్డ అలిగినను సరే, వలదనుడు. అలుక రెండు దినములలో తీఱును. విఱిగిన ఎముక అంత త్వరగా అతుకదు.