గగనతలం నుండి వచ్చే కబురు

గత సంవత్సరం మా పెద్దబ్బాయి శాన్ ఫ్రాన్సిస్కో నుండి దుబాయి మీదుగా ఇంటికి బయలుదేరాడు. విమానం ఎక్కుతూనే “అమ్మీ, లోపల వైఫై ఉంది. దారి పొడవునా కబురు పెడుతూ ఉంటాను” అని సందేశం పంపాడు. తొలి మూడు గంటలు అలాగే జరిగింది. ఆ తరువాత మేము పంపిన సందేశాల పక్కన ఒక్క టిక్కే కనిపించింది, రెండవది రాలేదు. రెండు గంటలు గడిచాయి, నాలుగు గంటలు గడిచాయి. అతని తల్లి అన్నం ముట్టలేదు. చివరకు అబ్బాయి కబుర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. విమానానికి ఏ ఆపదా కలుగలేదు. అది ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వచ్చింది, అంతే.

పూర్వం విమానం ఎక్కినవారి కబురు దిగిన తరువాతే తెలిసేది. కనుక మధ్యలో ఎవరూ ఎదురుచూసేవారు కాదు. ఇప్పుడు కబురు వస్తుందన్న ఆశ కలిగింది, దానితోపాటు రాకపోతే కలిగే భయమూ వచ్చింది. ప్రతి వీధి నుండి ఒకరైనా గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్న ఈ రోజుల్లో ఈ వైఫై ఎలా పనిచేస్తుందో ప్రతి ఇంటా తెలిసి ఉండటం మంచిది.

నేలపై ఉన్న టవర్ల నుండి విమానానికి సంకేతం పంపే పద్ధతి ఒకటి ఉంది. కాని మహాసముద్రాల మీద టవర్లు ఉండవు. అందువల్ల దూర ప్రయాణపు విమానాలకు ఉపగ్రహాలే ఆధారం. విమానం వీపుపై చిన్న మూపురం వంటి కప్పు కనిపిస్తుంది. రేడియో తరంగాలను అడ్డగించని పదార్థంతో చేసిన ఆ కప్పు కింద యాంటెన్నా ఉంటుంది. అక్కడి నుండి తీగలు లోపలికి వచ్చి, పైకప్పులో అమర్చిన వైఫై పరికరాలకు చేరుతాయి.

వినడానికి ఇది సులభమే. కాని గాలి ఒత్తిడిని తట్టుకునేలా నిర్మించిన విమాన దేహానికి రంధ్రాలు చేసి, ఆ చోటును తిరిగి బలపరచాలి. పిడుగు పడినా, పక్షి ఢీకొన్నా కప్పు ప్రమాదం తెచ్చిపెట్టదని విమానయాన అధికారుల ముందు నిరూపించాలి. ఆ మూపురం గాలిని అడ్డగించడం వల్ల ఇంధనం ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. ప్రయాణికుడు చెల్లించే రుసుము వెనుక ఇంత కథ ఉంది.

బోయింగ్ సంస్థ ‘కనెక్షన్’ అనే పేరుతో ఈ సేవను నెలకొల్పగా, 2004 మే నెలలో లుఫ్తాన్సా విమానాలలో అది మొదలైంది. దూర ప్రయాణానికి రుసుము దాదాపు 30 డాలర్లు. పరికరాలు బరువైనవి, కొనేవారు తక్కువ. 2006 చివరికల్లా ఆ సేవ మూతపడింది. నేడు ఖతార్ ఎయిర్‌వేస్ తన బోయింగ్ 777 విమానాలలో స్టార్‌లింక్‌ను అమర్చింది. మొదట ఒక్కో విమానానికి మూడు రోజులు పట్టిన ఈ పనిని పది గంటల లోపుకు తగ్గించగలిగింది.

పాత, కొత్త పద్ధతుల తేడా ఉపగ్రహపు ఎత్తులో ఉంది. పాత పద్ధతిలో ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైగా పడుతుంది. ధ్రువాల వద్ద ఆ ఉపగ్రహం దిగంతంలోకి వాలిపోయి యాంటెన్నాకు అందదు. మా ఇంటి నాలుగు గంటల నిశ్శబ్దానికి కారణం ఇదే. స్టార్‌లింక్ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. కనుక జవాబు త్వరగా వస్తుంది.

చట్టం కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ఏ దేశపు గగనతలంలో ఆ దేశపు నియమమే చెల్లుతుంది. మన దేశం 2018 డిసెంబరులో విమానాలలో ఈ సేవలకు నియమావళిని ప్రకటించింది. 2025 జనవరి నుండి ఎయిర్ ఇండియా తన దేశీయ మార్గాలలోని కొన్ని విమానాలలో కూడా వైఫైని అందిస్తోంది.

ఇక వాడుక విషయం. మొదట ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, ఆ తరువాత వైఫైని మాత్రమే తెరవాలి. ఉచితమని చెప్పే సేవ తరచుగా అక్షర సందేశాలకే పరిమితం. ఫొటోలు, వీడియోలు వెళ్లవు. రుసుము చెల్లించవలసి ఉంటే ఇంటి వద్దనే చెల్లించడం మేలు. బ్యాంకు పంపే ఓటీపీ మొబైల్ నెట్‌వర్క్ ద్వారా వచ్చే ఎస్సెమ్మెస్. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోనుకు అది చేరదు. ఫొటోలు తమంతట తామే బ్యాకప్ అయ్యే ఏర్పాటును, యాప్‌ల అప్‌డేట్‌లను ముందే ఆపివేయాలి. లేకుంటే కొన్న డేటా వాటికే సరిపోతుంది.

మా బంధువుల ఇంట జరిగిన ఒక సంఘటన చెప్పాలి. తండ్రి ఆసుపత్రిలో ఉన్నారని విని పెద్ద కుమారుడు అమెరికా నుండి బయలుదేరాడు. ఎక్కేముందు తమ్ముడితో “ఏం జరిగినా నా నుండి దాచవద్దు, వెంటనే రాయి” అన్నాడు. అతడు ఆకాశంలో ఉండగానే తండ్రి కన్నుమూశారు. ఖననం ఆలస్యం చేయరాదని పెద్దలు అన్నారు. అన్న రాకుండా ఎలా అని తమ్ముడు ఏడ్చాడు. చివరకు అన్న మాటనే ఆధారంగా చేసుకుని సందేశం పంపాడు. అరగంటకు జవాబు వచ్చింది: “నా కోసం ఆపవద్దు. జొహర్ తరువాత జనాజా నమాజ్ చేయించు. అమ్మీ పక్కనే ఉండు.”

ఆ రెండు మూడు వాక్యాలు ఆ ఇంటిని ఒక పెద్ద సంకటం నుండి తప్పించాయి. అవి అందకపోయినా ఆ ఇల్లు నిలబడేదే. ఎందుకంటే అన్నదమ్ములు ఆ మాట నేలపైనే మాట్లాడుకున్నారు. ఇప్పుడు మా ఇంట ఎవరు విమానం ఎక్కినా మూడు సంగతులు చెప్పి బయలుదేరుతారు: ఏ గంటకు దిగుతారు, మధ్యలో ఎంతసేపు కబురు అందకపోవచ్చు, అత్యవసరమైతే ఏది తెలపాలి, ఏది దిగేదాకా ఆపాలి. మొన్న అబ్బాయి తిరిగి వెళ్లినప్పుడు టిక్ ఒక్కటే పడింది. అతని తల్లి గడియారం చూసి, అన్నం తిని నిద్రపోయింది.