తేలిక పని... ఎవరికి తేలిక?

"అమ్మగారూ, ఈ కాగితమ్మీద ఏం రాసుందో కాస్త చదివిపెట్టరూ" అంటూ వచ్చింది మా వెనక వాటాలో అద్దెకుండే అమ్మాయి. ఎడంచేత్తో అందించింది. ఆమె కుడిచేతికి రెండు వేళ్లు లేవు. అట్టపెట్టెలు తయారుచేసే చోట కటింగ్ మిషన్‌లో పడి పోయాయి.

గాయం మానాక పన్లోకి వెళ్తే, "నీకు తేలిక పని ఇస్తాంలే" అన్నారట. ఏమిటా తేలిక పని? అట్టల కట్టలు మోయడం! పైగా జీతంలో మూడోవంతు కోత. "ఈ చేత్తో కట్ట ఎలా పట్టుకోనండీ?" అంటే, "పనిస్తామన్నా నువ్వే చెయ్యనంటున్నావు, ఇక మాకు సంబంధం లేదు" అన్నారట. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం సారాంశం కూడా అదే... ఆమె ఇకమీదట పరిహారం అడగదట! సంతకం ఒక్కటే తరువాయి.

నేను లాయర్ని కాను. కానీ మనసూరుకోక నాలుగు పుస్తకాలు తిరగేశాను.

పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. అది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే, నెల జీతంలో 60 శాతాన్ని వయసుకు తగిన అంకెతో హెచ్చవేసి పరిహారం లెక్కకడతారు. కొంతే నష్టమైతే, పోయిన సంపాదన శక్తిని బట్టి అందులో వంతు. ఒక చేతికి రెండు వేళ్లు పోతే చట్టంలోని పట్టిక ప్రకారం 20 శాతం. "ఇంకో పని చేసుకోగలదుగా" అని యజమానులు పట్టుబట్టేది ఎందుకో అర్థమైందా?

ఒడిశాలో ఒక వడ్రంగి 1968లో సినిమా హాల్లో పనిచేస్తూ కింద పడ్డాడు. ఎడమచెయ్యి తీసేయాల్సివచ్చింది. అది పాక్షిక నష్టమేనని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక పూర్తి నష్టమేనని 1975లో కోర్టు తేల్చింది. చూశారా, పోయిన అవయవంతోపాటు దానితో బతికిన మనిషి పనినీ చూడాలన్నమాట.

కనుక మీకు తెలిసినవాళ్లకి ఇలాంటి కష్టం వస్తే ఈ నాలుగు మాటలూ చెప్పండి. ఏ పని చేయగలరో, ఏది చేయకూడదో డాక్టరు చేత రాయించుకోవాలి. ఇచ్చిన పని చేయలేకపోతే ఊరికే మానెయ్యకుండా, కారణం రాసిచ్చి నకలు దాచుకోవాలి. ఇ.ఎస్.ఐ. ఉంటే అక్కడ, లేకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. పరిహారానికి రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. హక్కు వదులుకున్నట్లు సంతకం పెట్టించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. సంతకం మాత్రం పెట్టలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా పిల్లవాడి పాత నోట్సులో ఎడంచేత్తో తన పేరు రాయడం నేర్చుకుంటోంది. దరఖాస్తు మీద పెట్టాలిగా మరి!