కండ అదిరితే గుండె అదరనేల?

కన్ను అదరడాన్ని మనవారు శకునంగా చూస్తారు. పురుషునికి కుడికన్ను, స్త్రీకి ఎడమకన్ను అదిరితే శుభమని పెద్దల మాట. అయితే ఆ అదురు కంటితో ఆగక పిక్కలలో, తొడలలో, భుజాలలో కూడా కనిపిస్తే, అరికాళ్లలో చీమలు పాకినట్లుంటే, రాత్రి పడుకొన్నప్పుడు ఒంటిలో ఎక్కడో తుమ్మెద రొద చేస్తున్నట్లు ఝుమ్మంటే, శుభశకునం మాట మరచి మనిషి బెంబేలెత్తిపోతాడు. పక్షవాతానికి ఇది నాంది యేమో, నరాలు చచ్చుబడుతున్నాయేమో అన్న శంక పట్టుకొంటుంది.

వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో ఈ బాధతో వైద్యుని ఆశ్రయించేవారిలో తెల్లవారుజామునే రైలెక్కి హైదరాబాదు వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరే ఉద్యోగులు ఉన్నారు. పరీక్షలకు రాత్రంతా మేల్కొనే విద్యార్థులు ఉన్నారు. ఇంటి బరువంతా మోస్తూ తమ భోజనాన్ని మాత్రం వేళ తప్పించే గృహిణులూ ఉన్నారు. వీరందరికీ సామాన్యమైనవి మూడు: నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన తిండి, తెగని ఆలోచన.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత సూత్రస్థానంలోని ఇరవయ్యో అధ్యాయంలో కేవలం వాతం వల్ల కలిగే వికారాలు 80 చెప్పబడ్డాయి. పాదాలు మొద్దుబారడం, వణుకు, నిద్రలేమి, మనస్సు నిలకడ లేకపోవడం ఈ నాలుగూ ఆ ఒక్క పట్టికలోనే ఉండడం గమనించదగ్గది. శరీరంలోని చలనానికీ, మనస్సులోని చాంచల్యానికీ మూలం ఒక్కటే అని మన ఆచార్యులు గ్రహించారు. భయం, శోకం, చింత, జాగరణ, ఉపవాసం, అతిశ్రమ వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. అప్పుడు సర్వశరీరంలో సంచరించే వ్యానవాయువు గతి తప్పి అదురు, తిమ్మిరి పుట్టిస్తుంది.

ఆధునిక వైద్యులు చెప్పేదీ దీనికి దూరం కాదు. అలసట, నిద్రలేమి, టీ కాఫీల అతిసేవనం వల్ల నరాల కొసలు సులువుగా ఉద్రేకపడి కండరపు పోగులు వాటంతట అవే అదురుతాయి. ఆందోళనలో ఉన్నవారు తమకు తెలియకుండానే వేగంగా శ్వాసిస్తారు. దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, నరాలకు అందే కాల్షియం తీరు మారి, పెదవుల చుట్టూ, వేళ్ల కొసలలో తిమ్మిర్లు పుడతాయి.

ఇక్కడే ఒక విషవలయం ఉన్నది. అదురు చూసి భయపడతారు. భయం వల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే అదురు పెరుగుతుంది. రోజుకు పదిసార్లు కాలు ఎత్తి చూచుకోవడం, పిడికిలి బిగించి బలం పరీక్షించుకోవడం ఆ వలయాన్ని మరింత బిగిస్తాయి. చికిత్స అంటే ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే.

ఉపేక్షించరాని లక్షణాలు

అయితే ప్రతి తిమ్మిరినీ ఆందోళన ఖాతాలో వేయరాదు. ముఖం ఒకవైపు వంకరపోవడం, ఒక చేయి లేదా కాలు హఠాత్తుగా పట్టు తప్పడం, మాట తడబడడం కనిపిస్తే నూనెలు, కషాయాలు వెదకుతూ కాలయాపన చేయక వెంటనే 108 కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. చేతిలో వస్తువు జారిపోవడం, కండ కృశించడం, మింగుడు కష్టమవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం ఉంటే నరాల వైద్యునికి చూపించాలి.

అరికాళ్ల తిమ్మిర్లు, మంటలు వారాల తరబడి విడవకుంటే మధుమేహానికీ, థైరాయిడ్‌కూ, బి12 విటమిన్ లోపానికీ రక్తపరీక్ష అవసరం. బి12 కూరగాయలలో, పప్పులలో లభించదు. పాలు, పెరుగు కూడా తక్కువగా తీసుకొనే శాకాహారులు, మెట్‌ఫార్మిన్ మాత్రలు దీర్ఘకాలంగా వాడేవారు దీనిని మరువరాదు.

తాండూరు బండలకు ప్రసిద్ధి. బండలు కోసే, నునుపుచేసే యంత్రాలను చేతబట్టి పనిచేసేవారికి వేళ్లు తిమ్మిరెక్కి, చలిలో తెల్లబడుతుంటే అది మనసు తెచ్చిన వ్యాధి కాదు. యంత్రపు అదురు నరాలకూ, రక్తనాళాలకూ చేసిన హాని. పని తీరు మార్చకుండా నూనె రాసినందువల్ల అది తగ్గదు.

ఆహార విహారాలు

వేళకు వేడి భోజనం మొదటి ఔషధం. మన ప్రాంతపు కంది రుచికీ, బలానికీ పేరుపొందినదే కాని, శాస్త్రరీత్యా కంది వాతాన్ని పెంచుతుంది. కనుక ఈ బాధ ఉన్నవారు కందిపప్పును బాగా ఉడికించి, ఇంగువ, జీలకర్ర పోపుతో, చెంచాడు నేతితో తినాలి. జొన్నరొట్టె వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారి ఎండినది పనికిరాదు. టీ దినానికి రెండు కప్పులకు మించరాదు, సాయంత్రం తర్వాత అసలే వద్దు. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది కనుక క్రమంగా తగ్గించాలి.

ఆపుకోరాని సహజ వేగాలు 13 అని చరకుడు చెప్పాడు. ఆకలి, దప్పిక, నిద్ర, మూత్రం వాటిలోనివే. రైలు ప్రయాణంలోనూ వీటిని బిగబట్టరాదు. చలికాలంలో వట్టి తాండూరు బండల మీద పడుకోరాదు. ఒత్తిడి పడిన చోట నరం నలిగి తిమ్మిరెక్కుతుంది, చలువ వాతాన్ని పెంచుతుంది.

గృహచికిత్సలు

1. నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, స్నానానికి ముందు పావుగంటసేపు ఒంటికి, ముఖ్యంగా తలకు, చెవుల చుట్టూ, పాదాలకు మర్దించాలి. తర్వాత సున్నిపిండితో వేడినీటి స్నానం చేయాలి. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే అభ్యంగనం కూడదు.

2. నిద్రకు ముందు అరికాళ్లకు కొద్దిగా నూనె రుద్ది, గుడ్డతో తుడుచుకొని పడుకోవాలి. తాపిన బండల నేలపై జారే ప్రమాదం ఉన్నది కనుక వృద్ధులు తుడుచుకోవడం మరువరాదు.

3. వెన్నెముక నిటారుగా ఉంచి కూర్చుని, నాలుగు లెక్కించేవరకు గాలి పీల్చి, ఆరు లెక్కించేవరకు మెల్లగా విడవాలి. ఉదయం, రాత్రి పదేసి నిమిషాలు చాలు. శ్వాసను బిగబట్టనక్కరలేదు.

4. పెన్నేరుగడ్డ (అశ్వగంధ) చూర్ణం పావుతులం, అనగా సుమారు 3 గ్రాములు, కప్పు వేడిపాలలో రాత్రి తీసుకోవచ్చు. గర్భవతులు, థైరాయిడ్ లేదా కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్ర, మధుమేహం, రక్తపోటు మందులు వాడేవారు వైద్యుని అడగనిదే వాడరాదు. లోహభస్మాలను ఎవరూ సొంతంగా వాడరాదు.

ఈ నియమాలు ఒక మండలం, అంటే నలభై రోజులు, విడవక పాటించాలి. అదురు ఒక్కనాడే మాయం కాదు. ముందు నిద్ర కుదురుతుంది, ఆపై భయం సడలుతుంది, అదురు చివరకు పోతుంది. అప్పుడప్పుడు ఒక కండ మళ్లీ అదిరినా, దానిని పలకరించకుండా మీ పని మీరు చేసుకోండి. పిలవని అతిథికి ఆదరణ లేకుంటే ఎంతోసేపు కూర్చోడు కదా!